జాకెట్ తనిఖీ బల్ల కోసం కాదు

కొండ పరుగుల్లోకి కొత్తగా వస్తున్న మనవాళ్ళకు ఈ మధ్య ఒక ఉపదేశం బాగా వినబడుతోంది. రోజుల తరబడి సాగే రేసుకు నిర్వాహకులిచ్చే తప్పనిసరి సామాన్ల జాబితా వట్టి లాంఛనమట. రేపేదైనా జరిగితే కోర్టులో చూపించుకోవడానికి వాళ్ళు రాసి పెట్టుకున్నదట. కాబట్టి జాబితాలో ఉన్న ప్రతి వస్తువుకూ అతి తేలిక రకం వెతికి కొని, తనిఖీ బల్ల దగ్గర చూపించి, సంచి అడుగుకు తోసేసి మరిచిపోవాలట. బరువే శత్రువు, వేగమే రక్షణ అన్నది ఈ బోధ సారాంశం. చెప్పేవాళ్ళు నాలుగు రేసులు చూసినవాళ్ళే, మాట తీరూ నమ్మకంగానే ఉంటుంది. ఊరికే వదిలెయ్యకూడనిది అందుకే.

మొదటి ముక్కలో సగం నిజముంది. నిర్వాహకులకు కేసుల భయం ఉన్న మాట వాస్తవం. జాబితా రాసేటప్పుడు పక్కన లాయరు కూర్చున్నా ఆశ్చర్యం లేదు. అయితే ఏంటట? చట్టం అడిగింది కాబట్టే కారుకు బ్రేకులు బిగించారని ఎవరన్నా చెబితే బ్రేకులు పీకేసుకుంటామా? జాబితాను ఎవరు ఏ భయంతో రాశారన్నది ఒక సంగతి, అందులోని వస్తువు కొండ మీద ఏం చేస్తుందన్నది ఇంకో సంగతి. మొదటిదాని మీద అనుమానం చూపించి రెండోదాన్ని కొట్టిపారేస్తున్నారు.

ఆ వస్తువు చేసే పని తెలియాలంటే ముందు ఒంటి వేడి లెక్క చూడాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో ఇంచుమించు 100 వాట్ల వేడి పుడుతుంది. అదే మనిషి ఏటవాలు ఎక్కుతూ గట్టిగా శ్రమపడుతుంటే అది ఎనిమిది, పది రెట్లవుతుంది. చొక్కా తడిసి ముద్దయినా, ఎదురుగాలి కొట్టినా, కాళ్ళు కదిలినంతసేపూ చలి అంతగా తెలియకపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు చీలమండ మడతపడి కూలబడ్డారనుకోండి. ఆ వేడి నిమిషాల్లో పడిపోతుంది, తడి మాత్రం ఒంటి మీదే ఉంటుంది. నీరు గాలికన్నా సుమారు పాతిక రెట్లు చురుగ్గా వేడిని లాగేస్తుంది. 5 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే చర్మానికి అది సున్నా కిందే. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకన్నా తగ్గితే వైద్యులు హైపోథెర్మియా అంటారు. మాట ముద్దగా వస్తుంది, వేళ్ళకు జిప్పు దొరకదు. బుద్ధి కూడా మందగిస్తుంది కాబట్టి ఆ మనిషి తనకేమీ కాలేదని మనతోనే వాదిస్తాడు.

జాబితాలో ముఖ్యమైనదంతా రాసింది ఈ కూలబడ్డ మనిషి కోసమే. పరుగెత్తేవాడికి నిక్కరు, బూట్లు, నీళ్ళు, కాస్త తిండి చాలు. తేలిక బరువు బోధకులు ప్రతి వస్తువునూ పరుగెత్తేవాడి వీపు మీద పెట్టి తూస్తారు. ఆ తక్కెడలో జాకెట్ ఎప్పుడూ దండగ బరువే.

వాళ్ళు తరచూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2008 అక్టోబరు 25, ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్, బారోడేల్ లోయ. రేసు పేరు ఒరిజినల్ మౌంటెన్ మారథాన్, ఓఎమ్ఎమ్ అంటారు. 1968 నుంచీ ఉన్న పోటీ అది. ఇద్దరిద్దరు జట్టుగా, డేరా, స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, తిండి అన్నీ తామే మోసుకుంటూ, మ్యాపు చూసుకుంటూ రెండు రోజులు కొండల్లో పరుగెత్తాలి. ఆ ఏడు తుఫాను గాలీ కుండపోతా కలిసి వచ్చాయి. వాగులు పొంగాయి, రోడ్లు మునిగాయి, మొదటి రోజే రేసు ఆపేశారు. పదిహేడు వందల మంది ఆచూకీ లేదని ఆ రాత్రి వార్తలు మోగాయి. 'అంతంత సామాను మోశారు, ఏం ఒరిగింది?' అని ఈ బోధకుల ప్రశ్న.

తెల్లారాక ఏమైందో మాత్రం చెప్పరు. ఒక్కరూ చనిపోలేదు. ఆచూకీ లేదన్నవాళ్ళలో చాలామంది కొండల్లోనే వీలైన చోట డేరా వేసి, స్టవ్వు వెలిగించి, స్లీపింగ్ బ్యాగులో దూరి పడుకున్నారు. కొన్ని వందల మంది హానిస్టర్ కనుమ దగ్గరి పలకరాతి గనిలోనూ, రైతుల కొట్టాల్లోనూ తలదాచుకున్నారు. కొద్దిమందిని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆశ్రయమిచ్చిన గని యజమాని నిర్వాహకులను గట్టిగానే తిట్టిపోశాడు. ఆ వాతావరణంలో రేసు మొదలుపెట్టాలా అన్న ప్రశ్నలో న్యాయముందనే నా అభిప్రాయం కూడా. కానీ అది నిర్వాహకుల నిర్ణయం మీద ప్రశ్న. సామాను మీద కాదు. అన్ని వందల మంది తుఫానులో చిక్కుకుని ప్రాణాలతో దిగి వచ్చారంటే, ఆగిపోయిన చోట బతకడానికి కావలసింది వాళ్ళ వీపు మీదే ఉంది.

ఆ రేసు నిబంధనల్లో నాకు బాగా నచ్చేది ఇంకోటి ఉంది. ఆఖరి గీత దాటే వేళకు కూడా స్టవ్వుకు కొంత ఇంధనం మిగిలి ఉండాలి. గ్రాములు లెక్కపెట్టేవాడికి ఇది పిచ్చిలా కనిపిస్తుంది. పరుగు అయిపోయాక గ్యాసెందుకు? ఆఖరి కొండ మీద కూలబడితే ఎందుకో తెలుస్తుంది.

దీని పక్కన 2021 మే 22 పెట్టి చూడండి. చైనాలోని గాన్సు రాష్ట్రం, బైయిన్ నగర పరిధిలోని ఎల్లో రివర్ స్టోన్ ఫారెస్ట్. అది ఒకేసారి పరుగెత్తే 100 కిలోమీటర్ల రేసు, మన విషయంలోని రోజుల రేసు కాదు. కానీ పాఠం ఇక్కడికి అక్షరాలా వర్తిస్తుంది. 172 మంది బయల్దేరారు. మధ్యాహ్నానికి వడగళ్ళు, గడ్డకట్టించే వాన, పెనుగాలి. చాలామంది ఒంటి మీద ఉన్నవి నిక్కరు, పల్చటి చొక్కా. జాకెట్ తెచ్చుకుంటే మంచిదన్నారే గానీ తప్పనిసరి జాబితాలో పెట్టలేదు. వెచ్చటి బట్టలను చాలామంది 62వ కిలోమీటరు దగ్గరి చెక్‌పాయింటుకు ముందే పంపేశారు. చలి వాళ్ళను అందులో సగం దూరంలోనే పట్టుకుంది. 21 మంది చనిపోయారు. జు కెమింగ్ అనే గొర్రెల కాపరి తను తలదాచుకున్న గుహలోకి తీసుకెళ్ళి, మంట వేసి ఆరుగురిని బతికించాడు.

చనిపోయిన వాళ్ళలో లియాంగ్ జింగ్ ఉన్నాడు. చైనా అల్ట్రా రన్నర్లలో పేరు మోసిన వేగగాడు. వేగమే రక్షణ అనేవాళ్ళు ఈ పేరు దగ్గర కాసేపు ఆగాలి.

ఆగరని తెలుసు, ఎందుకంటే వాళ్ళ దగ్గర ఇంకో పేరు ఉంది: కిలియన్ జోర్నే. 2013 ఆగస్టులో ఇటలీ వైపు నుంచి మాటర్‌హార్న్ ఎక్కి దిగడానికి అతనికి పట్టింది మూడు గంటల లోపే, అదీ దాదాపు ఏ బరువూ లేకుండా. నిజమే. పసితనం నుంచీ పైరెనీస్ కొండల్లో పెరిగి, మంచు మీదా బండల మీదా ఏళ్ళ తరబడి సాధన చేసిన మనిషి, వాతావరణం చూసి ఎంచుకున్న రోజున చేసిన పని అది. అదే జోర్నే, అదే ఏడు సెప్టెంబరులో, ఎమెలీ ఫోర్స్‌బెర్గ్‌తో కలిసి షమోని పైనున్న ఫ్రెండో స్పర్ అనే బండ అంచు ఎక్కబోయి, తేలిక బట్టల్లోనే చిక్కుబడిపోయాడు. పర్వత రక్షక దళం వచ్చి దించాల్సి వచ్చింది. తప్పు చేశామని తర్వాత వాళ్ళే బహిరంగంగా ఒప్పుకున్నారు. తేలిక బరువు గురించి మాట్లాడేటప్పుడు ఆగస్టు కథ చెప్పి సెప్టెంబరు కథ దాచెయ్యడం నిజాయితీ కాదు.

పైగా వేగం వాదం రోజుల రేసులో మరీ బలహీనం. మొదటి రోజు పరుగెత్తిన మనిషి నాలుగో రోజు ఉండడు. నిద్ర చాలదు, తిన్నది ఖర్చుకు సరిపోదు, పాదాలు నాని తెల్లబడి ఉంటాయి. పరుగు నడకవుతుంది, నడిచేవాడి ఒంట్లో పుట్టే వేడి పరుగెత్తేవాడిలో సగం కూడా ఉండకపోవచ్చు. మొదటి రోజు చలి ఆపడానికి సరిపోయిన చొక్కా నాలుగో రోజు అదే చలికి సరిపోదు. ఒక్క రోజు రేసుల అనుభవంతో రోజుల రేసుకు సలహాలిచ్చేవాళ్ళకు తట్టని విషయం ఇదే.

వాళ్ళకు తట్టనిది ఇంకోటి: తడి ఆరదు. డేరాలో, చినుకుల్లో, రాత్రి గడిచేసరికి బట్టలు ఆరతాయనుకుంటే భ్రమ. అలవాటైన మౌంటెన్ మారథాన్ రన్నర్లు ఒక పొడి జతను నీరు చొరని సంచిలో కట్టి ఉంచుతారు. అది రాత్రికి మాత్రమే. తెల్లవారి లేచి, నిన్నటి తడి చొక్కా, తడి మేజోళ్ళు మళ్ళీ వేసుకుంటారు. మొదటి పది నిమిషాలూ నరకంలాగే ఉంటుంది. పొడి జత వేసుకుని బయల్దేరినవాడికి ఆ ఉదయం హాయిగానే గడుస్తుంది గానీ ఆ రాత్రి కప్పుకోవడానికి ఏమీ మిగలదు.

బరువు నిజంగా ఎంత నష్టపరుస్తుందో కూడా చూద్దాం. 65 కిలోల మనిషి అదనంగా అర కిలో మోస్తే అది అతని బరువులో ఒక శాతం కూడా కాదు. శ్రమ కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరుగుతుందనుకున్నా, ఎనిమిది గంటల రోజులో నాలుగైదు నిమిషాల తేడా. మొదటి పది స్థానాల కోసం పోటీపడేవాడికి ఆ నిమిషాలు ముఖ్యమే, కాదనను. కటాఫ్ లోపల చేరితే చాలనుకునే మిగతా అందరం చెక్‌పాయింటులో టీ తాగుతూ అంతకన్నా ఎక్కువే పోగొట్టుకుంటాం.

ఇక నిబంధనకు సరిపోయే అతి తేలిక వస్తువు అనే చిట్కా. దీని అసలు రంగు రేకు దుప్పటిలో బయటపడుతుంది. ఎమర్జెన్సీ బ్లాంకెట్ అంటూ వెండిలా మెరిసే పల్చటి షీటు, 1960లలో నాసా పనుల నుంచి వచ్చింది. గాలి లేని చోట, ముగింపు గీత దగ్గర, అది బాగానే పనిచేస్తుంది. కొండ గాలిలో అది చేతిలో నిలవదు, రెపరెపలాడి చిరుగుతుంది. గాన్సులో కొందరి షీట్లు అలాగే చిరిగిపోయాయని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. దాని బదులు సంచిలా కుట్టిన సర్వైవల్ బ్యాగు ఉంటే కాళ్ళతో సహా లోపలికి దూరి, తల దగ్గర మూసుకుని కూర్చోవచ్చు. రెండిటి మధ్య బరువు తేడా రెండు మూడు ఎనర్జీ జెల్స్ అంత. షీటు చూపిస్తే తనిఖీలో పాసవుతారన్నది నిజమే. పాసవడానికి అదెంత పనికొస్తుందో, కూలబడ్డప్పుడు అంత పనికిరాదు.

జాకెట్ విషయంలో యూటీఎమ్‌బీ వంటి పెద్ద రేసులు తలకు టోపీ, కనీసం 10,000 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి తట్టుకునే గుడ్డ, కుట్ల మీద టేపు ఉండాలంటాయి. ఇదేమీ చాదస్తం కాదు. గుడ్డ ఎంత గొప్పదైనా సూది చేసిన చిల్లుల్లోంచి నీళ్ళు దిగుతాయి, గంట వానలో భుజాలు తడిసేది అక్కడే. గాలిని మాత్రమే ఆపే పల్చటి జాకెట్‌ను దీని బదులు చూపించి తప్పించుకోవచ్చని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాట వినకండి, అంతకన్నా చెప్పడానికేమీ లేదు. కొనేటప్పుడు లోపల వెచ్చటి చొక్కా వేసుకున్నా పట్టే సైజు చూసుకోండి. ఆ వెచ్చటిది ఈకలు నింపినదైతే తడిసిందంటే ఉండ కట్టి వేడి నిలపదు. సింథటిక్ నింపినది కాస్త బరువైనా తడిలోనూ పనిచేస్తుంది.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే చోటికి వద్దాం. 1991లో మొదలైన హిమాలయన్ 100 మైల్ స్టేజ్ రేసు అయిదు రోజులు సాగుతుంది, డార్జిలింగ్ దగ్గర సింగలీలా శిఖరాల వెంట. మొదటి రోజే మానేభంజ్యాంగ్ నుంచి 3,636 మీటర్ల సందక్‌ఫూ దాకా 38 కిలోమీటర్ల ఎక్కుడు. పైకి చేరేసరికి ఎత్తు వల్లనే పది డిగ్రీలు తగ్గుతుంది, సాయంత్రమైతే ఇంకా. పెద్ద బ్యాగు బండిలో వస్తుంది కదా, వీపున నీళ్ళ సీసా చాలదా అని అడుగుతారు. చాలదు. బండిలోని బ్యాగు రాత్రి బస దగ్గర ఉంటుంది, మీరు మధ్య దారిలో ఉంటారు. గాన్సులో 62వ కిలోమీటరు దగ్గర వెచ్చటి బట్టలున్న సంచులూ భద్రంగానే ఉన్నాయి.

హైదరాబాదు కేబీఆర్ పార్కులోనో వికారాబాద్ అనంతగిరి గుట్టల్లోనో సాధన చేసేవాళ్ళకు ఇది తలకెక్కడం కష్టం. మనకు పరుగులో శత్రువు ఎండ. వాన పడితే ప్రాణం లేచొస్తుంది, చొక్కా తడిస్తే సుఖం. ఆ అలవాటుతోనే 3,000 మీటర్ల పైన చినుకు పడగానే జాకెట్ తియ్యడానికి బద్ధకిస్తారు, ఇంకో మలుపు దాకా అంటూ. జాకెట్ తడవకముందు వేసుకోవాలి. గ్లవ్స్ వేళ్ళు మొద్దుబారకముందు తొడుక్కోవాలి, తర్వాత తొడగడానికి వేళ్ళు సహకరించవు.

డబ్బు గురించి కూడా ఒక మాట. తేలిక బోధకు జంటగా ఖరీదు బోధ నడుస్తోంది. అంత ఖరీదైన విదేశీ జాకెట్ లేకుండా కొండ మీదికి పోకూడదట. ఒట్టి మాట. కుట్లకు టేపు ఉన్న మామూలు జాకెట్ కొంచెం బరువైతే అవుతుంది, పని అదే చేస్తుంది. పొడి జత కట్టడానికి మందపాటి పాలిథీన్ కవర్లు రెండు చాలు. మిగిలిన డబ్బు రెండో హెడ్‌ల్యాంప్ మీద పెట్టండి. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, ఫోను కూడా అంతే.

రేసుకు ముందు ఒక వానరోజున ఇంటి దగ్గరే ఒక పరీక్ష పెట్టుకోండి. తడిసి, మేడ మీద పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. తర్వాత చేతుల్ని ఐసు వేసిన నీళ్ళలో కాసేపు ముంచి తీసి, సంచి విప్పి జాకెట్, గ్లవ్స్ వేసుకోగలరేమో చూడండి. జిప్పు వేళ్ళకు దొరక్కపోతే దానికో తాడు ముక్క ముడి వెయ్యండి. దాని బరువెంతో కావాలంటే బోధకుల తక్కెడలోనే తూయించుకోవచ్చు.