చెవిలో మంత్రగత్తె

అనంతగిరి కొండల్లో షూటింగ్ వుందంటే మొన్న పొద్దున్నే వికారాబాద్ పరుగెత్తాను. తీరా వెళ్ళేసరికి ప్యాకప్! చేసేదేముంది? తాండూరులో మిత్రుడున్నాడు కదా అని రైలెక్కి, కిటికీ పక్కన సీటు పట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

పాటలు కాదండోయ్, నవల! ఈమధ్య మన కుర్రకారంతా ఇలా చెవులతోనే నవలలు చదివేస్తున్నారుగా. పేరు చెబితే కథ తెలిసిపోతుంది కనుక చెప్పను. పట్నంలో హాస్టల్లో వుండి ఉద్యోగం చేసుకునే ఓ అమ్మాయి. ఓ అర్ధరాత్రి లిఫ్ట్ ఆగిపోతుంది. ఆమె భయంతో గోడమీద చెయ్యి వేస్తే చాలు, భవనంలో దీపాలన్నీ వెలుగుతాయి! తన చేతిలో ఏదో శక్తి వుందని అప్పుడు తెలుస్తుంది. అక్కణ్ణించి అన్నీ చీకటి సందులే, నీడలే.

ఇది మనకేం కొత్త కాదు. మా నాన్నగారి తరం రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వింటూ, చూడని సినిమాని కళ్ళముందు కట్టుకున్నవాళ్ళే. 'దానవీరశూర కర్ణ' (1977) డైలాగులు పెళ్ళిపందిళ్ళలో మైకులో మోగితే, భోజనాలు మానేసి విన్నారట జనం! 1980ల ప్రాంతంలో యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమిలో వస్తుంటే రాత్రిళ్ళు పెరట్లోకి వెళ్ళడానికి జంకినవాళ్ళు మా ఇంట్లోనే వున్నారు.

అసలు భయం గొంతులోనే వుంటుంది. 2009లో 'అరుంధతి' చూసినప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణి. కోడి రామకృష్ణగారి గ్రాఫిక్స్ సంగతి అలా వుంచండి, సోనూసూద్‌కి రవిశంకర్ ఇచ్చిన గొంతు వుందే, అది నిద్రపోనివ్వలేదు. ఆ సినిమాతో ఆయన 'బొమ్మాళి రవిశంకర్' అయిపోయాడు! నేను వింటున్న నవలలో కథ చెప్పే అమ్మాయి అరవదు, గుసగుసలాడుతుంది. సగం మార్కులు అక్కడే కొట్టేసింది. వెనక మ్యూజిక్ మాత్రం దండగ. తలుపు చప్పుడు చాలిన చోట డప్పులు వాయించారు.

ధారూరు దాటాక ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ, కాళ్ళదగ్గర కందిపప్పు మూట సర్దుకుంటూ అడిగింది:

"ఏం ఇంటున్నవ్ బిడ్డా, గంత బెదిరినవ్?"

కథ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"పట్నంల గావట్టి బతికింది. మా దిక్కు ఊళ్ళె గామెను ఉండనిస్తరా?"

నాకు నోట మాట రాలేదు. మెదక్, రంగారెడ్డి, బీదర్ పల్లెల్లో 'బాణామతి' అన్న మాట ఒకప్పుడు ఎందరి బతుకుల్ని కూల్చిందో మనం సినిమాకని అడిగి తెలుసుకున్నామా? బిడ్డకి జ్వరమొస్తే, గేదె పాలివ్వకపోతే, ఒంటరి ఆడదాని మీద పడేవాళ్ళు. శక్తి వుందో లేదో ఎవరు చూశారు? దెబ్బలు మాత్రం నిజం. 'విరూపాక్ష' (2023) కథ కూడా చేతబడి చేస్తున్నారని ఒక జంటని వూరు చంపడంతోనే మొదలవుతుంది. కానీ చివరికొచ్చేసరికి ఆ చేతబడి నిజమే అంటుంది కథ! అక్కడే నాకు పేచీ. పోయిన ఏడాదుల్లో మలయాళం నుంచి వచ్చిన 'కొత్త లోక' (2025) నయం. అందులో కల్యాణీ ప్రియదర్శన్ పాత్ర బెంగుళూరు గుంపులో తన శక్తిని దాచుకుని బతుకుతుంది. ఎందుకు దాచుకోవాలో మన పెద్దమ్మని అడిగితే చెప్పేది.

"నువ్వూ వింటావా పెద్దమ్మా?" అని ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింది. బయట నాపరాళ్ళ దొంతరలు మొదలయ్యాయి. తాండూరు వచ్చేసింది.

ఇయర్‌ఫోన్ నా చేతిలో పెడుతూ, "గొంతు మంచిగుంది గని, గా పిల్లకు అవ్వలేదా? ఇంత జరుగుతుంటె ఒక్కసారి గూడ ఫోన్ చెయ్యదేంది?" అని మూటెత్తుకుని దిగిపోయింది.

నిజమే! ఇరవై భాగాలు విన్నాను, నాకా అనుమానమే రాలేదు.