జంపఖానాకు ఊరి పేరేదీ?

పెద్దముడియం చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లయినా పంచాయితీ అయినా మొదట పరిచేది జంపఖానా. ఇప్పుడు దాని చోట ప్లాస్టిక్ పట్ట వచ్చింది. జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో కొత్తిళ్లు కట్టినవాళ్లు హాల్లో ‘పర్షియన్ కార్పెట్’ వేస్తున్నారు. తిప్పి చూస్తే చాలావరకు మరమీద నేసిన పాలీప్రొపైలీన్. పర్షియాతో దానికున్న చుట్టరికం పేరు ఒక్కటే.

అసలైన పర్షియన్ తివాచీకి దేశం పేరు చాలదు. ఊరి పేరు కావాలి. కాషాన్, తబ్రీజ్, కిర్మాన్ అని అడిగి కొంటారు. ఫార్స్ ప్రాంతపు సంచార తెగల్లో మగవాళ్లు గొర్రెబొచ్చు కత్తిరించి, నేలమీదనే మగ్గం బిగిస్తారు. ఉన్ని వడికేదీ, రంగులద్దేదీ, నేసేదీ ఆడవాళ్లు. ఎదురుగా గీసిన నమూనా ఉండదు, అంతా జ్ఞాపకమే. అందుకే ఒకదాన్ని పోలిన తివాచీ ఇంకొకటి ఉండదు. ఎరుపు మంజిష్ఠ వేరు నుంచి, నీలం నీలిమందు నుంచి వస్తాయి. దానిమ్మ తొక్కను కూడా వదలరు. కాషాన్‌లో నిలువు మగ్గం. అక్కడి ముడిలో పోగు ఒక పడుగు దారాన్ని పూర్తిగా చుట్టి, పక్కదాని వెనకగా బయటికొస్తుంది. ముడుల వరస అయ్యాక పేక తోసి దువ్వెనతో గట్టిగా కొడతారు. తిరగేసినా పువ్వు పువ్వులాగే కనబడుతుంది. అంచు కుచ్చులు కుట్టినవి కావు, పడుగు కొసలే. ఈ రెండుచోట్ల నేత విద్యనూ 2010లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఊరి పేర్లతోనే చేర్చింది.

మరి మన సంగతి? ఆ ముడి దక్కనుకూ వచ్చింది. వరంగల్లు తివాచీ 1851లోనే లండన్ మహాప్రదర్శన చూసింది. జపాన్‌లో క్యోటో గియాన్ పండుగ రథాలకు కప్పే పాత తివాచీలలో దక్కన్‌వి ఉన్నాయని పరిశోధకులు తేల్చారు. డచ్చి ఓడలు మోసుకుపోయిన సరుకది. ఏలూరులో నేసినవి మచిలీపట్నం రేవులో ఓడెక్కితే రేవు పేరే మిగిలింది. నేసిన ఊరు మరుగున పడింది. ఇది మనకు కొత్త కథా?

సీమకు రండి. పంతొమ్మిదో శతాబ్దంలో కడప జిల్లా నీలిమందుకు పేరుమోసింది. నల్లరేగడిలో పత్తి పండింది. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఆదోని గురించి రాసిన నాలుగు ముక్కల్లో తివాచీల మాట ఉంది. లండన్‌లో కూర్చున్నవాడికి కనబడింది మన పాఠ్యపుస్తకాలకు కనబడలేదు. మాకు కడుపు మండేది ఇక్కడే.

వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ముద్ర ఒక్కటే నేతగాడి పొయ్యి వెలిగించదు, కొనేవాడు కావాలి. చేనేతకు రక్షణగా 1985లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అందులో మరమగ్గాలు ముట్టకూడని పదకొండు రకాలలో జంపఖానా ఒకటి. ఈ సంగతి ఎంతమంది అధికారులకు గుర్తుంది? గుర్తున్నా ఎంతమంది తనిఖీకి కదిలారు?

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. హాస్టళ్లకు, ఆఫీసులకు పరుపులూ పట్టలూ కావాలని ఇండెంటు రాసేది మీరే. ఆ కాగితం మీద ‘చేనేత జంపఖానా’ అని రాయండి. ఏ ఊరి మగ్గం మీదిదో కూడా రాయమని అడగండి. విద్యార్థులకు ఇంకో పని ఉంది. సెలవుల్లో ఆదోని వెళ్లండి, జమ్మలమడుగు నేతవీధులు తిరగండి. ముసలి నేతగాళ్లకు గుర్తున్న అంచులూ రంగులూ నోటుపుస్తకంలోకి ఎక్కించండి. తేదీ వేయండి. కింద ఊరి పేరు పెద్దక్షరాలతో రాయండి.