స్టీరింగ్ వదలకండి, రోడ్డు మీద వడ్లున్నాయి

కోతలు మొదలయ్యాయంటే బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపక్కల రోడ్డే కల్లం. తారు మీద పలచగా ఆరబోసిన వడ్లు, సాయంత్రానికి రాశి చేసి కప్పిన పట్టలు, గాలికి లేవకుండా అంచుల్లో పెట్టిన బండరాళ్లు. పొద్దుగూకితే నల్లపట్ట తారులో కలిసిపోతుంది. బైకుల మీద వచ్చేవాళ్లకు ఇది పాత గండమే. ఇప్పుడు దానికి కొత్తది తోడైంది: దారి చూసే పని కారుకే అప్పగించి కూర్చున్న డ్రైవరు.

నాలుగైదేళ్లుగా మన షోరూముల్లో ‘అడాస్’ కార్లు అమ్ముతున్నారు. గీతల మధ్య నడుస్తాయి, ముందు బండి ఆగితే బ్రేకు వేస్తాయి. మంచిదే. దాన్నే ‘సెల్ఫ్ డ్రైవింగ్’ అనుకుని, చేతులు వదిలేసి రీల్స్ తీసేవాళ్లున్నారు. అది తోడుండే సాయం మాత్రమే. రోడ్డు మీద కదలకుండా ఉన్న వాటిని ఈ యంత్రాలు ఒక్కోసారి పసిగట్టలేవని కారుతో ఇచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఎవరు చదువుతారు? గుద్దాక కేసు మాత్రం మీ మీదే.

మనిషి గొప్ప డ్రైవరని మేం అనడం లేదు. 2022లో దేశంలో రోడ్లు మింగిన ప్రాణాలు 1,68,491. అందులో ఎక్కువ అతివేగం పుణ్యమే. యంత్రం తాగదు, తూగదు. అమెరికాలోని ఫీనిక్స్‌లో డ్రైవరు లేకుండా తిరిగే వేమో కార్లతో గాయాలయ్యే ప్రమాదాలు తక్కువేనని ఆ సంస్థ లెక్కలు చూపిస్తోంది. సరే. కానీ అవి ముందుగా మూలమూలా మ్యాపు చేసుకున్న వీధులు.

ఆ ఫీనిక్స్ పక్కనే, టెంపీలో, 2018 మార్చి 18 రాత్రి ఉబర్ ప్రయోగ కారు సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను గుద్ది చంపింది. 5.6 సెకన్ల ముందే సెన్సర్లకు ఆమె చిక్కింది. వాహనమా, సైకిలా, ఇంకేదైనానా అని కారు తికమకపడిందే గానీ మనిషని పోల్చుకోలేదు. క్రాసింగ్ లేనిచోట మనుషులు దాటుతారన్న ఊహే ఆ ప్రోగ్రాములో లేదు. కాపలాకు కూర్చున్న డ్రైవరేమో ఫోనులో ఉంది. సంగం నుంచి నెల్లూరు దాకా క్రాసింగ్ వెతుక్కుని దాటేవాళ్లు ఎందరున్నారో మీకు తెలుసు.

ఎదుటి లారీ లైటు కొడితే ముందేదో ఉందని మన డ్రైవరు గ్రహిస్తాడు. ఒక గేదె రోడ్డెక్కితే వెనక మంద ఉందనుకుని వేగం తగ్గిస్తాడు. ఆ తెలివి ఏ షోరూములోనూ రాదు.

అందుకే కోతలు అయ్యేదాకా ఈ దారిలో క్రూజ్ కంట్రోల్ ఆపేయండి. ఆటోమేటిక్ బ్రేకు మాత్రం ఉండనివ్వండి. రైతన్నలారా, బండరాళ్లు తీసేసి ఇసుక మూటలు పెట్టండి. రాశి చుట్టూ, ట్రాక్టరు ట్రక్కు వెనకా మెరిసే స్టిక్కర్లు ఈ సాయంత్రమే అంటించండి.