పంజరం తలుపు తీస్తే చాలదు

బదిలీ అయిందనో, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్నామనో సామాను సర్దేసిన ఇంట్లో చివరికి మిగిలేది బాల్కనీలోని చిలుక. ఎవరినడిగినా మాకొద్దంటారు. బయల్దేరే రోజు పొద్దున్నే పంజరం తలుపు తీసి ‘వెళ్లిపోమ్మా’ అంటారు. అది వెళ్లదు. తలుపు కమ్మీని ముక్కుతో పట్టుకుని, తల పక్కకు వంచి, రోజూ జామకాయ ముక్క పెట్టే చేతికోసం చూస్తుంది. అదిలిస్తే ఎదురింటి పిట్టగోడ దాకా ఎగిరి, అక్కడినుంచి కిందికి జారిపోతుంది. ఈకలు కత్తిరించిన రెక్క గాలిని పట్టలేదు. ఈలోగా కాకులు చుట్టుముడతాయి. ఇంటివాళ్లు స్వేచ్ఛనిచ్చామనుకుంటారు. నిజానికి దాన్ని చావుకు వదిలేశారు.

మాట సూటిగా చెప్పాలి. రామచిలుకను పంజరంలో పెట్టడం తప్పు. పెంచి పెంచి, బరువనిపించాక గాలికి వదిలేయడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ పక్షిని భయపడకుండా అప్పగించే దారి చూపకపోవడం ప్రభుత్వాల తప్పు. వద్దనుకున్న ప్రతి చిలుకనూ చేతులు చాచి అందుకునే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లాజిల్లాకూ ఉండి తీరాలి.

చిలుక బతుకంతా గుంపుతోనే. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, డేగ నీడ పడితే ఎటు మళ్లాలో, పొద్దుగూకాక ఎక్కడ వాలాలో తొర్రలోంచి బయటికొచ్చిన పిల్లకు పెద్ద చిలుకలను చూస్తేనే తెలుస్తుంది. బజారుకొచ్చే చిలుకకు ఆ చదువు లేదు. ఒంటిమీద ఈకలు నిండకముందే దాన్ని తొర్రలోంచి లాగేస్తారు. పెరిగిన ఇంట్లో పొద్దుతిరుగుడు గింజలు, అన్నం, బిస్కెట్ ముక్కలే తిండి. దాంతో కాలేయానికి కొవ్వు పడుతుంది, విటమిన్ ఏ చాలదు. ఒంటరితనం భరించలేక తన ఈకలు తానే పీక్కునే చిలుకలున్నాయి. రొమ్ము మీద చర్మం బోడిగా బయటపడితే చర్మరోగమని ఏదో మందు రాస్తారు. దాని తల వైపు చూస్తే సంగతి తెలుస్తుంది. తలమీద ఈకలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి, ఎందుకంటే అక్కడికి దాని ముక్కు అందదు. చాలాసార్లు ఆ జబ్బు పేరు దిగులు.

ఇలాంటి పక్షి మళ్లీ చెట్టెక్కాలంటే ఓపిక కావాలి. కత్తిరించిన ఈక పెరగదు. అది రాలి కొత్తది రావాలి, అందుకు నెలలు పడుతుంది. పొడవాటి పక్షిశాలలో ఆ చివరినుంచి ఈ చివరికి ఎగిరి రెక్క కండ గట్టిపడాలి. తోటి చిలుకలతో కలవాలి. మనిషి చెయ్యి చూస్తే దగ్గరికి రావడం మానాలి. అప్పుడుగానీ చిలుకలు గుంపులుగా తిరిగే చోట వదలకూడదు. కొన్ని ఎన్నటికీ ఎగరలేవు. పాతికేళ్లయినా వాటిని సాకాల్సిందే. ఇదంతా ఒక కుటుంబం బాల్కనీలో చేయగల పని కాదు.

చట్టం ఏం చెబుతోంది? దేశవాళీ పక్షులను పట్టడం, అమ్మడం 1990ల మొదట్లోనే నిషేధించారు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక రామచిలుక నాలుగో షెడ్యూలు నుంచి రెండో షెడ్యూలుకు చేరింది. ఉల్లంఘిస్తే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పైగా రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. 2018లో ప్రభుత్వమే ఆ గౌరవం ఇచ్చింది. రాష్ట్ర పక్షి ఇళ్ల వరండాల్లో, జోస్యం చెప్పేవాళ్ల బుట్టల్లో, సంత మూలల్లో కిక్కిరిసిన బోనుల్లో కనిపించడం మనకు తలవంపులు.

అయితే శిక్షను చూపి భయపెడితే పని జరగదు. ఇంట్లో చిలుకున్న సామాన్యుడికి అటవీ శాఖ కార్యాలయం మెట్లెక్కాలంటే వణుకు. కేసు పెడతారేమోనని దాచిపెడతాడు, లేదంటే రాత్రిపూట గుట్టుచప్పుడు కాకుండా వదిలేస్తాడు. చట్టంలోని 42ఎ సెక్షన్ ప్రకారం యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవాళ్లు జంతువును స్వచ్ఛందంగా అప్పగించవచ్చు. సంతలో కొన్న చిలుకకు ఆ పత్రం ఎక్కడిది? మరోవైపు విదేశీ జాతులు పెంచేవాళ్లు 6 నెలల్లో వివరాలు వెల్లడిస్తే పత్రాలు అడగబోమని 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ వెసులుబాటు ఇచ్చింది. లక్షలు పోసి మకావును కొన్న ఇంటికి దొరికిన ఆ దయ, తెలియక రామచిలుకను కొన్న ఇంటికి ఎందుకు దొరకకూడదు? అట్టే పెట్టుకోమని కాదు, తిరిగి ఇచ్చేయడానికే ఆ గడువు ఇవ్వాలి.

కాబట్టి ప్రభుత్వాలు చేయాల్సిన పని స్పష్టం. స్వయంగా తెచ్చి అప్పగించినవారిపై కేసు ఉండదని బహిరంగంగా ప్రకటించి, గడువు పెట్టాలి. పట్టేవాడి మీద, అమ్మేవాడి మీద మాత్రం చట్టం పూర్తి బలంతో పడాలి. ప్రతి జిల్లాలో పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడూ, ఎగరడం నేర్పే పక్షిశాలా ఉండాలి. హైదరాబాద్, విశాఖ, తిరుపతి జంతు ప్రదర్శనశాలల మీదే భారమంతా వేస్తే కుదరదు. చిలుక జోస్యంతో పొట్టపోసుకునేవారి చేతిలోంచి పక్షిని లాక్కుని వదిలేయకుండా, వారికి మరో ఉపాధి చూపాలి. చట్టవిరుద్ధంగా పెంచిన వన్యప్రాణి ప్రభుత్వ సొత్తేనని చట్టమే అంటోంది. సొత్తు తనదన్నప్పుడు సాకడమూ తనదే.

విదేశీ చిలుకల కథ వేరు. ఆఫ్రికన్ గ్రే 50 ఏళ్లు కూడా బతకగలదు. నడివయసులో కొన్నవాళ్ల తర్వాత దాన్ని ఎవరు చూస్తారు? అడవుల్లో దాని సంఖ్య పడిపోవడంతో 2016లో జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ (అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) సదస్సు దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని అత్యంత కఠినమైన జాబితాలో పెట్టింది. ఇలాంటి పక్షులను ఇక్కడి ఆకాశంలోకి వదలకూడదు. బతకలేకపోతే వాటికి చావు, బతికితే ఇక్కడి పక్షుల గూళ్లకు పోటీ. ఐరోపా నగరాల్లో ఇళ్లలోంచి తప్పించుకున్న మన రామచిలుకలే అక్కడి తొర్రలను ఆక్రమించాయి. విదేశీ చిలుకకు కావాల్సింది మరో బాధ్యత గల ఇల్లు. 2024 నిబంధనల ప్రకారం సైటీస్ జాబితాలోని జాతులు పుట్టినా, చేతులు మారినా, చనిపోయినా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కొత్త ఇంటికి పంపేటప్పుడు ఆ నమోదుతో పాటు పంజరం కొలతా, తిండీ, తోడూ చూసి మరీ ఇవ్వాలి. ఉచితమని ఎవరికి పడితే వారికి ఇస్తే, అది మళ్లీ అమ్మకానికే చేరుతుంది.

గోల్కొండ చెరలో రామదాసు పన్నెండేళ్లు మగ్గింది, పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టినందుకేనని మన పెద్దలు చెప్పుకున్నారు. రోజుకు ఏడాది. ఆ లెక్క కట్టినవాళ్లకు పంజరంలో ఒక్క రోజు ఎంత పొడుగో తెలుసు. మన ఇళ్లలో ఏళ్ల తరబడి మగ్గుతున్న చిలుకల లెక్క ఎవరు కట్టాలి?

మీ ఇంట్లో చిలుక ఉంటే తొందరపడి తలుపు తీయకండి. పంజరం మీద పలచని గుడ్డ కప్పి, నీళ్లు పెట్టి, దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయానికి తీసుకెళ్లండి. అక్కడ మీకు ఎదురయ్యేది కేసు పుస్తకం కాకుండా పశువైద్యుడై ఉండేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఇంకొక చిలుకను కొనకుండా ఉండాల్సిన బాధ్యత మనది.