చెప్పిన మాట చేరిందా?

మన సంస్థలో ఒక్క దినంలో సమాచారం ఎన్ని రూపాలలో ప్రయాణిస్తుందో ఎప్పుడైనా లెక్కించారా? తెల్లవారగానే కర్మాగారం సైరను మోగుతుంది. గేటు వద్ద నోటీసు బోర్డుపై సర్క్యులరు అంటించి ఉంటుంది. షిఫ్టు దిగే ఉద్యోగి, ఎక్కే ఉద్యోగికి నాలుగు మాటలు చెప్పి, లాగ్ బుక్కులో రెండు వాక్యాలు వ్రాసి ఇంటిదారి పడతారు. క్రేను నడిపేవారికి క్రింద నిలిచినవారు చేతితో సైగ చేస్తారు. కార్యాలయంలో ఫైళ్ళు, ఈ-మెయిళ్ళు. జేబులో సెల్‌ఫోను, అందులో లెక్కకు మిక్కిలి వాట్సాప్ గ్రూపులు. ఇన్ని సాధనాలుండగా "నాకెవరూ చెప్పలేదండీ" అనే మాట మాత్రం ఏ విభాగంలోనైనా వినబడుతూనే ఉంటుంది.

ఈ పర్యాయం మా శీర్షికలో ఈ సాధనాలను ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచి పరిశీలించదలచాము. ఏది గొప్ప, ఏది తక్కువ అని తీర్పు చెప్పటం మా ఉద్దేశం కాదు. ఏ పనికి ఏది తగును, ఏది ఎక్కడ మోసం చేయును అన్నదే మా విచారణ.

ముందుగా ముఖాముఖి సంభాషణను చూద్దాం. మన మాట ఎదుటివారికి అర్థమైనదీ లేనిదీ వారి ముఖమే చెప్పటం దీనిలోని గొప్ప సౌలభ్యం. కనుబొమలు ముడిపడితే మరొకసారి చెబుతాము. కన్నులు వెలిగితే ముందుకు సాగుతాము. శిక్షణ తరగతులకు హాజరైనవారిలో చాలమంది ఒక లెక్క వినే ఉంటారు. సంభాషణలో మాటల పాలు 7 శాతం, కంఠస్వరం పాలు 38 శాతం, ముఖకవళికల పాలు 55 శాతం అన్నదే ఆ లెక్క. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన పరిశోధనల నుండి వచ్చిన అంకెలివి. అయితే ఆయన పరిశీలించినది ఇష్టాయిష్టాల వంటి మనోభావాలను మాత్రమే. మాట ఒకటిగా, స్వరం మరొకటిగా ఉన్నప్పుడు వినేవారు దేనిని నమ్ముతారన్నదే అక్కడి ప్రశ్న. సంభాషణలన్నిటికీ ఈ లెక్క వర్తించదని ఆయనే స్పష్టం చేశారు. నిజానికి "మూడవ నంబరు పంపు ఆపండి" అన్న ఆదేశంలో ఆ "మూడు" అన్న మాటే సర్వస్వం. దానిని ఎంత చిరునవ్వుతో చెప్పినా రెండు అని వినబడితే ప్రమాదమే.

నోటి మాటకు మరొక చిక్కు భాష. మన వంటి ప్రభుత్వరంగ సంస్థలలో నాలుగైదు రాష్ట్రాలవారు భుజం భుజం కలిపి పనిచేస్తారు. మనకు "నిన్న" వేరు, "రేపు" వేరు. హిందీలో రెండింటికీ "కల్" అన్న ఒకే మాట ఉన్నది. క్రియాపదం పూర్తిగా వినబడితే గాని అది గడిచిన దినమో రానున్న దినమో తెలియదు. యంత్రాల హోరులో ఆ క్రియాపదం మ్రింగుడుపడితే, తనిఖీ అయిపోయిందని ఒకరు, కావలసి ఉన్నదని మరొకరు అనుకుంటారు. తేదీ వేసి వ్రాసిన కాగితానికి ఈ బాధ లేదు. నోటి మాట నీటి మూట అని మన పెద్దలు ఊరకే అనలేదు.

అందువలననే వ్రాతకు అంత గౌరవం లభించింది. మన దేశంలో పోస్టు కార్డు 1879లో వాడుకలోకి వచ్చింది. క్షేమసమాచారాలు మొదలు పెండ్లి సంబంధాల వరకు తరతరాల కుటుంబ వ్యవహారాలను ఆ చిన్న అట్టముక్క మోసింది. శుభలేఖ అయితే నాలుగు మూలలా పసుపు రాసేవారు. అక్షరం చదవకముందే సంగతి తెలిసిపోయేది. ఇక తంతి మరొక తీరు. మాటకింత అని రుసుము గనుక జనం పొదుపుగా వ్రాయటం నేర్చారు. కాని ఆ పొదుపే ఒక్కొక్కసారి గుండె ఆగినంత పని చేసేది. "వెంటనే బయలుదేరి రమ్ము" అన్న సందేశంలో ఎందుకన్నది ఉండేది కాదు. తంతి జవాను గుమ్మంలో కనబడగానే, విప్పి చదవకముందే ఏడుపులు మొదలైన ఇళ్ళు ఎన్నో. ఒకటిన్నర శతాబ్దానికి పైగా సేవలందించిన ఆ సదుపాయం 2013 జూలైలో ముగిసింది.

వ్రాత నిలుస్తుంది, సాక్ష్యం చెబుతుంది. అయితే కాగితం తనంతట తాను నడిచిపోయి చదవవలసినవారి కంటబడదు. ఈ సత్యానికి అతి విషాదకరమైన దృష్టాంతం పైపర్ ఆల్ఫా. బ్రిటన్‌కు చెందిన ఉత్తర సముద్ర జలాలలో చమురు, సహజవాయువు వెలికితీసే వేదిక అది. 1988 జూలై 6న పగటి షిఫ్టులో మరమ్మతు నిమిత్తం ఒక పంపునకు సంబంధించిన సేఫ్టీ వాల్వును ఊడదీశారు. సాయంత్రానికి పని పూర్తికాలేదు. వాల్వు ఉండవలసిన చోట ఒక లోహపు మూత బిగించి ఉంచారు. దానికి అనుమతి పత్రం ఉన్నది. కాని వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టువారికి చేరలేదు. రాత్రి రెండవ పంపు ఆగిపోగా, వారు మొదటి పంపును నడపబూనుకున్నారు. ఆ మూత వద్ద వాయువు బయటికి చిమ్మి ప్రేలుడు సంభవించింది. 167 మంది ప్రాణాలు కోల్పోయారు. లార్డ్ కల్లెన్ అధ్యక్షతన జరిగిన విచారణ 1990లో 106 సిఫారసులు చేసింది. అనుమతి పత్రాల విధానంలోనూ, షిఫ్టు మార్పిడిలోనూ ఉన్న లోపాలను ఆ నివేదిక ఎత్తిచూపింది. అక్కడ కాగితం లేక కాదు. ఉన్న కాగితంలోని సంగతి ఒకరి చేతి నుండి మరొకరి తలలోకి వెళ్ళలేదు.

మాట చేరినా, అర్థం చేరని ఘట్టం మరొకటి ఉన్నది. 1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫె విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. రన్‌వేపై రెండు బోయింగ్ 747 విమానాలు, ఒకటి కె.ఎల్.ఎమ్. సంస్థది, మరొకటి పాన్ యామ్ సంస్థది. తాము టేకాఫ్‌లో ఉన్నామన్న భావం వచ్చేటట్లు కె.ఎల్.ఎమ్. విమానం నుండి రేడియోలో ఒక మాట వచ్చింది. వారు పరుగు ప్రారంభించారన్నది దాని అర్థం. బయలుదేరే చోట నిలిచి ఆజ్ఞకై వేచి ఉన్నారని కంట్రోలరు గ్రహించారు. వేచి ఉండమని ఆయన చెబుతున్న క్షణంలోనే, తామింకా రన్‌వే మీదనే ఉన్నామని పాన్ యామ్‌వారు పలికారు. రెండు ప్రసారాలు ఢీకొని కె.ఎల్.ఎమ్. విమానంలో కీచుమన్న శబ్దమే వినబడింది. ఎదుటి విమానం ఇంకా తప్పుకోలేదేమోనని ఆ విమానపు ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చారు కూడా. కెప్టెను దానిని త్రోసిపుచ్చారు. 583 మంది మరణించారు. ఆ తరువాత విమానయానంలో "టేకాఫ్" అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప వాడరాదన్న పద్ధతి స్థిరపడింది. ఆదేశం విన్నవారు "సరే" అని ఊరుకొనక, విన్నదానిని తిరిగి పలకాలన్న నియమమూ బలపడింది.

ఇందుకు మన రైల్వేలలో ఎంతోకాలంగా ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. స్టేషను మాస్టరు రైలు వస్తున్నదని లెవెల్ క్రాసింగు గేటు కాపలాదారుకు ఫోనులో చెప్పినప్పుడు, గేటు వేసినవారు ఒక "ప్రైవేటు నంబరు" బదులు చెబుతారు. తమ వద్దనున్న పట్టికలో వరుస లేకుండా అచ్చువేసిన అంకెలలో తరువాతిది చెప్పి, దానిని కొట్టివేస్తారు. ఇరుప్రక్కలా పుస్తకంలో నమోదవుతుంది. ఇందులో నోటి మాటకున్న వేగం, వ్రాతకున్న సాక్ష్యం, విన్నవారి ఒప్పుదల మూడూ కలిసి ఉన్నాయి. సైగలకూ అక్కడ అంతే కట్టుదిట్టం. ఎర్రజెండా చేతిలో లేకపోతే రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలిచినా డ్రైవరు బండి ఆపవలసిందే. ఏ భాషవారైనా ఆ సైగకు అర్థం ఒక్కటే.

ఈ వెలుగులో నేటి వాట్సాప్ గ్రూపులను చూద్దాం. క్షణంలో వందమందికి వార్త చేరవేసే ఈ సాధనం ఉపకారం అంతా ఇంతా కాదు. కాని అందరికీ చెప్పినది ఒక్కొక్కసారి ఎవరికీ చెప్పనట్లే అవుతుంది. ప్రతివారూ ప్రక్కవారు చూసుకుంటారని ఊరుకుంటారు. రెండు నీలిరంగు గుర్తులు సందేశం తెరిచారని చెబుతాయి గాని గ్రహించారని చెప్పవు. బొటనవ్రేలి బొమ్మ పెడితే "చూశాను" అనా, "అంగీకరించాను" అనా, "నేను చేస్తాను" అనా? ప్రమోషను వచ్చినవారికి అభినందనలు తెలుపటానికి ఆ బొమ్మ చాలును. విద్యుత్తు సరఫరా నిలిపిన తరువాతనే పని ప్రారంభించాలన్న సందేశానికి చాలదు.

ఇంటి విషయమూ ఇంతే. షిఫ్టు డ్యూటీలున్న కుటుంబాలలో భార్యాభర్తలు ఒకరి వెనుక ఒకరు ఇల్లు చేరుతుంటారు. ఇంట్లో పెద్దవారికి రక్తపోటు మాత్ర ఇచ్చినదీ లేనిదీ తెలియక రెండుసార్లు ఇచ్చే అవకాశం లేకపోలేదు. అసలే ఇవ్వకపోవటమూ జరగవచ్చును. పాల లెక్కలు వేసుకునే గోడ క్యాలెండరులో తేదీ ప్రక్కన ఒక టిక్కు పెడితే అదే ఆ ఇంటి లాగ్ బుక్కు. ఇక బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్న పిల్లలు "బాగున్నాను" అని రెండు అక్షరాలు టైపు చేసి పంపితే తల్లి మనసు నిలువదు. అదే మాట ఫోనులో వింటే జలుబు చేసినదీ, దిగులుగా ఉన్నదీ ఆమెకు ఇట్టే తెలుస్తుంది. మనోభావాల విషయంలో మెహ్రాబియన్ మాట ఇక్కడ వర్తిస్తుంది. సహోద్యోగి ఇంట మరణం సంభవిస్తే గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టటం కంటె, వెళ్ళి పది నిమిషాలు ప్రక్కన కూర్చోవటం మేలు. అక్కడ ఏమీ మాట్లాడకపోయినా చెప్పవలసినది చేరుతుంది.

చివరిగా మన అలవాట్లను గురించి ఒక మాట. పెద్దవారు, పై అధికారులు చెప్పినప్పుడు "అలాగేనండీ" అని తల ఊపటం మన సంస్కారంలో భాగం. ఆ "అలాగే" గౌరవాన్ని తెలుపుతుంది, అర్థమైనదని తెలుపదు. తిరిగి అడిగితే తెలివితక్కువగా భావిస్తారేమోనని క్రిందివారికి సంకోచం. అడిగితే తమ మాటకు ఎదురు చెప్పారేమోనని పైవారికి చిరాకు. టెనెరిఫెలో ఆ ఇంజనీరు సంకోచించక అడిగారు. ఆయన సందేహం మాత్రం నిలువలేదు. కనుక ఈ బాధ్యత మొదట పైవారిపైననే ఉన్నది. "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా అర్థమైందనే అంటారు. "ఇప్పుడు మీరేం చేయబోతున్నారో ఒకసారి చెప్పండి" అని అడగాలి. పొరపాటు ఉంటే అక్కడికక్కడే బయటపడుతుంది. షిఫ్టు మారేటప్పుడు లాగ్ బుక్కును చేతికిచ్చి వెళ్ళిపోక, యంత్రం ప్రక్కన ఇద్దరూ నిలిచి దానిని కలిసి చదువుకొనటానికి అయిదు నిమిషాలు చాలును. ఆ అయిదు నిమిషాలు ఆలస్యంగా ఇల్లు చేరినందుకు ఇంట్లోవారు ఎవరూ నొచ్చుకొనరని మా నమ్మకం.