అన్నియు తుంగయేనా?

వానలు పడి కలుపు మొలచినతోడనే సంఘమునకు వచ్చు సభ్యులలో పెక్కుమంది నోట వినబడు మాట యొక్కటే: "తుంగ పట్టినది, మందిప్పింపుడు." ఏ తుంగ యని యడిగినచో, తుంగలో మరల రకములా యని నవ్వెదరు. ఈ నవ్వు మనకు మిక్కిలి ఖరీదైనదని మా యభిప్రాయము. వేఱువేఱు మొక్కల కొక్కటే పేరు పెట్టి, యొక్కటే మందు తెప్పించి పంచుకొనుటవలన సొమ్ము పోవుటయే గాక, కలుపు మఱింత బలియుచున్నది.

మొదట తుంగజాతిని గడ్డిజాతినుండి వేఱుపఱుపవలయును. కాడను రెండు వ్రేళ్ల నడుమ బెట్టి త్రిప్పినచో గడ్డికాడ గుండ్రముగా తిరుగును, దానికి కణుపులుండును. తుంగకాడకు మూడంచులు వ్రేలికి తగులును, లోపల బెండువలె నిండియుండును, ఆకులు మూడు వరుసలుగా లేచును. ఇంతమాత్రము చూడక ఊదకు తుంగమందు చల్లినవారి సంగతి చెప్పనక్కఱలేదు.

తరువాత వేరు చూడవలయును. అసలు భేదమిచ్చటనే యున్నది. చేతితో లాగిన కాడ తెగి గడ్డ నేలలోనే నిలుచును గనుక, పలుగుతో జానెడు లోతు పెకలించి మన్ను కడుగవలయును. మెట్టలందును, పసుపు, చెరకు, మిరప తోటలందును మనల బాధించు గడ్డతుంగకు, సన్నని తీగలపై నల్లని గడ్డలు పూసలు గ్రుచ్చినట్లొకదాని వెంట నొకటి యుండును. నలిపిన సువాసన, నమలిన చేదు. సున్నిపిండిలో గలుపు తుంగముస్తలివియే. కాబట్టి యీ పరీక్షలో మన యింటి యాడవారు మనకంటె నేర్పరులు. పూత యెఱుపు కలసిన గోధుమవన్నె. దీనిని బోలినదే మఱియొకటి కలదు. దాని పూత పసుపువన్నె, గడ్డలు తీగకొనల నొక్కొక్కటిగా నుండును, రుచి తీపి. స్పెయినుదేశమున వాలెన్సియా ప్రాంతమువారు ఈ జాతినే పైరుగా బెంచి, గడ్డలతో పానీయము చేసికొందురు!

వరిమళ్లలో విశేషముగా గనబడునవి వేఱు. వీనికి గడ్డలు లేవు, కుచ్చువేళ్లే. గింజవలన పుట్టి కారుతో చచ్చును. గుండ్రని బంతులవంటి పూతగల దొకటి, పసుపువన్నె వెన్నులు విడివిడిగా నుండున దొకటి, అడుగున ఆకులు విసనకఱ్ఱవలె చదునుగా పఱచుకొనున దింకొకటి.

గింజతుంగను పూతకు ముందే పెఱికిన ఆ మొక్కతో పీడ ముగియును. ఆలసించిన నొక్కొక్కటి వేలకొలది గింజలు రాల్చును. 2,4-డి వంటి మందు దానికి చాలును. అదే మందు గడ్డతుంగపై చల్లినచో ఆకు మాడును, రైతు సంతోషించును, కొన్ని వారములకు గడ్డ తిరిగి మొలచును. 1977వ సంవత్సరమున లెరాయ్ హోమ్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రపంచపు కలుపులనుగూర్చి ప్రకటించిన గ్రంథమున దీనికి ప్రథమస్థాన మిచ్చుట యూరక కాదు. చెరకునందు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అను మందు దీనిపై పనిచేయును. కాని డబ్బాపై పేర్కొనని పైరున దానిని వాడరాదు.

దున్నుటలోను మెలకువ వలయును. దండలోని కొనగడ్డ మొలచుచున్నంతకాలము తక్కినవి చాలవఱకు నిద్రించును. తడినేలలో దున్ని దండ త్రెంచినచో ప్రతిగడ్డయు మొలచును. వేసవిలో లోతుదుక్కి చేసి గడ్డలను మండుటెండకు పడవేసిన నవి యెండి చచ్చును. నీడయు దీనికి గిట్టదు. జనుము, పిల్లిపెసర దట్టముగా చల్లిన లొంగును.

ఇక సంఘము చేయవలసినది. ఉమ్మడిగా వాడుకొను రోటవేటరు ఒకరి పొలమునుండి మఱియొకరి పొలమునకు మంటితోగూడ గడ్డలను మోసికొనిపోవుచున్నది. అద్దె గంటలు నష్టమగునని దానిని కడుగకుండుట తగదు. కడుగుటకు పట్టు కాలమును సంఘమే భరింపవలయును. మందుకొఱకు పేరు వ్రాయించుకొను ప్రతిసభ్యుడును మొక్కను వేరుతో సహా తెచ్చి కార్యదర్శి బల్లపై నుంచవలయునని నియమము చేయుట మంచిది. జాప్యమగునని కొందఱనవచ్చును. ఒక పూట జాప్యమునకు వెఱచి, ఒక కారు మందుసొమ్ము మంటబోయుట లాభమని మేమొప్పుకొనజాలము. వచ్చు సర్వసభ్యసమావేశమున ఈ రెండు సంగతులను చర్చకు దేవలయునని కోరుచున్నాము. ఆ దినమున వచ్చువారు తమ పొలపు తుంగ నొక్కొక్క మొక్క వేరుతో తెచ్చినచో, అచ్చటనే కడిగి చూడవచ్చును.