చెట్టెక్కువాని కవచము

మన నల్లజర్ల ప్రాంతమున కొబ్బరి దింపునకును తాటికల్లు గీతకును చెట్టెక్కువారు పెక్కుచోట్ల నేటికిని మోకునే నమ్ముకొనియున్నారు. మోకు తెగినచో పట్టున దేమియు లేదు. జారిన మనిషిని చెట్టునకే నిలుపు ‘కాటమయ్య రక్షణ కవచము’లను గీతకార్మికులకు తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో ఇయ్య మొదలిడెను. దింపువాని కవచమునకు మాత్రము తోటగల రైతే వెల పెట్టవలెనని మా యభిప్రాయము. కాయలు రైతువే గదా! నడుమునకు మాత్రమే చుట్టు పటకా చాలదు. పడునప్పటి యదటునకు నడుమే విరుగవచ్చును. భుజములను, తొడలను గూడ పట్టునదే కొనవలెను. ఎక్కుటకు ముందు కుట్లను, కొక్కెములను తడిమి చూడవలెను. తడిసినచో నీడను ఆరవేయవలెను; పురుగుమందుల కొట్టులో నుంచరాదు. ఒకమారు పడువానిని ఆపిన కవచము క్రొత్తదివలె కనబడినను మరల పనికిరాదు. వెల తలచి దాచుకొను రైతులుందురని యెరిగియే వ్రాయుచున్నాము: దానిని ఆనాడే కోసి పారవేయుడు.